మోటారు ఎవరు కట్టారు

మొదట రెండు పోర్షన్లే.
భీమవరం, జువ్వలపాలెం రోడ్డులో
కింద నేనూ నా కుట్టుమిషనూ,
పైన బ్యాంకు గుమాస్తా, ఆయన హార్మోనియం.
ఒకటో తారీకు అద్దె, రెండో తారీకు చీటీ,
మూడో తారీకు నుంచీ
మళ్ళీ ఒకటో తారీకు కోసం చూపు.

చీటీ పాడి పక్క డాబా కొన్నాను.
దాన్ని తాకట్టు పెట్టి కాలవ గట్టున ఇంకోటి.
తొమ్మిది పోర్షన్లయ్యేసరికి
నా నడుముకున్న తాళాల గుత్తి
నా కన్నా ముందు గుమ్మం దాటేది.

ఇక్కడి నేల సంగతి తెలుసుగా.
బోరు వేస్తే ఉప్పునీళ్ళు,
కొత్త కుళాయిని ఏడాదికల్లా కొరికేస్తాయి.
స్లాబులో ఇనపచువ్వ వాచి
పెచ్చులు అన్నంలో రాలతాయి.
నల్లమట్టి ఎండకి నెర్రెలిచ్చి, వానకి ఉబ్బి
ద్వారబంధాల్ని ఓ మూలకి లాగుతుంది.
తలుపు పడటం లేదని ఒకరు,
పడ్డ తలుపు రావటం లేదని ఒకరు.

అన్నిటికీ నేనే.
కాలవలు కట్టేసిన మే నెలలో
ట్యాంకరు వెనక చెప్పుల్లేకుండా పరిగెత్తిందీ,
రసీదు రాసిందీ, తిట్లు తిన్నదీ,
ట్యాంకులో పడ్డ తొండని చేటతో తీసిందీ.

ఏసుపాదం నాలుగు నెలలు బాకీ.
ఖాళీ చెయ్యమందామని వెళ్తే
అరుగు మీద కాలిన మోటారు విప్పుకుని
రాగితీగని, పిల్లకి జడ వేస్తున్నంత ఓపిగ్గా
చుడుతున్నాడు.
నోటి చివరి మాట మింగేసి
"మా మోటారు కూడా చూస్తావా" అన్నాను.
అతని బాకీ తీరడానికి ఏడాది పట్టింది.
అప్పట్నుంచీ నేనే బాకీ.

మెహరున్నీసాకి ఫోను అప్పగించాను.
రొయ్యల కంపెనీలో తలలు వలిచి వలిచి
ఐసు నీళ్ళకి వేళ్ళు మొద్దుబారి మానేసిన పిల్ల.
మొదటి రోజే నేర్పాను:
ఎంతమంది, ఏం పని, అడ్వాన్సు ఎంత,
ఆఖర్న కాస్త గొంతు తగ్గించి,
"మీరేవిట్లండీ?"

మూడూ రాసుకుంది.
నాలుగోదాని దగ్గర పెన్ను ఆగింది.
"ఇది నన్నే అడిగుంటే, అమ్మగారూ?"
ఫ్యాను తిరుగుతోంది.
ఏసుపాదం స్క్రూడ్రైవరు కోసమన్నట్టు
సంచిలో పెట్టిన చెయ్యి ఎంతకీ తియ్యలేదు.

ఆ రోజే నేనేం మంచిదాన్నయిపోలేదు.
లెక్కల పుస్తకం తిరగేశాను, అంతే.
మూడు పోర్షన్లు ఏడు నెలలుగా ఖాళీ.
ఆ ఒక్క ప్రశ్నకి
నెలనెలా అద్దె నేనే కట్టుకుంటున్నాను.

గేటు బోర్డు మీద 'టు లెట్' కింద రెండో లైను
పెయింటరు బుల్లెబ్బాయి తెల్లరంగుతో కప్పేశాడు.
గట్టి వాన పడితే
కింది అక్షరాలు లీలగా పైకి తేలతాయి.
ఏడాదికోసారి మళ్ళీ పూస్తాడు.

ఇప్పుడు పద్నాలుగు.
ఒరిస్సా కుర్రాళ్ళు, ఇద్దరు నర్సులు,
చేపల మేత ఏజెంటు,
అర్ధరాత్రి లెక్కలు చేస్తూ పైకి చదివే కాలేజీ మేష్టారు.

అంతా సాఫీ అని కాదు.
బుల్లెబ్బాయి రెండు రంగుడబ్బాలు అమ్ముకున్నాడు.
నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు.
దీపావళి మామూళ్ళలో కోశాను, ఇద్దరం మాట్లాడలేదు.
మెహర్ ఓ సాయంత్రం కుర్చీ లాక్కుని
"జీతం కాదమ్మగారూ, వాటా మాట్లాడండి" అంది.
నూటికి ఆరు.
వారం రోజులు నిద్ర పట్టలేదు.
ఎనిమిదో రోజు కాగితం మీద రాసిచ్చాను.

తాళాల గుత్తి మూడు ముక్కలైంది.
ఆ నెలంతా ఏదో పారేసుకున్నట్టు
నడుం తడుముకుంటూనే ఉన్నాను.

నిన్న రాత్రి రెండింటికి
గట్టు మీది డాబాలో
ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు.
దిగ్గున లేచి, చీకట్లో చెప్పులకి కాలు సాచాను.
టక్.
మోటారు ఆగింది.
ఎవరిదో దగ్గు, తలుపు గడియ,
కాలవ మీంచి మేత వాసన.

పొద్దున్నే అడుగుదామనుకున్నాను ఎవరు కట్టారో.
కాఫీ పెట్టుకున్నాను.
అడగలేదు.