చుక్క

ప్రకటన నేనే రాశాను.
"రాత్రిపూట పనిచేసే స్త్రీల నిద్రపై అధ్యయనం. పాల్గొనండి."
పక్కన తెల్లకోటు తొడుక్కున్న ఒక నవ్వు,
ఫొటోలు అమ్మేచోట కొన్నది.

రోజుకు పన్నెండు యూరోలు తింటూ
లిస్బన్ అంతా తిరిగొచ్చింది.
వారానికి నాలుగొందల బొటనవేళ్లు,
చెప్పులమ్మేవాడొకడు,
"దేవుడు మేలు చేయుగాక" అని ఓ ముసలాయన.
కావలసినవాళ్లు ఒక్కరూ లేరు.

అమడోరాలో తొలి బస్సు నాలుగూ నలభైకి.
మేం కుర్చీల్లో కూలబడేలోగా
మా చెత్తబుట్టలు ఖాళీ అయిపోతాయి.
నా బల్ల కింద తుడిచే చేతిని
మూడేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

ఒక తెల్లవారుజామున ఒండీనా రాసింది.
"ఆ ఫొటోలో పిల్ల ఎప్పుడైనా నేల తుడిచిందా?"
ఆ వెంటనే, "చేతులు తడిగా ఉంటాయమ్మా, చదివేదెట్లా?
చెవులు ఖాళీయే. మాట పంపు. మా భాషలో."

నా క్రియోలు విని పగలబడి నవ్వింది.
చివరికి తనే మాట్లాడింది, తొలి బస్సులో కూర్చుని.
తలుపుల బుస్సు, ఎవరిదో దగ్గు,
మధ్యలో "ఒసేయ్, నీకూ నిద్ర పట్టదుగా, విను."
నలభై ఏడు సెకన్లు.
జడలల్లేవాళ్ల గుంపులోంచి చిట్టీల గుంపులోకి,
అక్కణ్ణుంచి, కేప్ వెర్డేకి ఒక శవాన్ని పంపడానికి
చందాలు పోగేసి, ఆ తర్వాత మూసేయడం మరిచిన గుంపులోకి.

"నా పేరు ఎవరు చూస్తారు?"
అందరి మొదటి ప్రశ్నా అదే.
జవాబు అంగీకార పత్రంలో ఉంది, పదకొండో పేజీలో.
పేరు నా సొరుగులో, తాళం వేసి. మిగతావాళ్లకి నువ్వొక అంకె, అన్నాను.
"ఇక్కడ దిగిన రోజునుంచీ అంకెనేగా"
అంటూనే చేరింది జుల్మీరా.

అరవై మూడు మంది.
ఎన్ని గంటలు పడుకుంటారని అడిగాను.
ఏది లేపుతుందో చెప్పారు:
మోకాళ్లు. బ్లీచు వాసన. పక్కగదిలో ఇంకొకరి అలారం.
సెలవురోజున మోగకపోయినా వినిపించే అలారం.
నా పట్టికలో వాటికి గడి లేదు.

ఒకామె మాత్రం ఒక్క చుక్క పంపింది.
అక్షరం కాదు, చుక్క.
ఏమైనా చెప్పాలా, అని అడిగాను.
మూడూ నలభైకి రెండు నీలి టిక్కులు.
మర్నాడూ అడిగాను. మూడూ నలభైకి, మళ్లీ.

అధ్యయనం శుక్రవారంతో ముగిసింది.
చుక్కను లెక్కలోకి తీసుకోకూడదు.
తీసుకోలేదు.
మూడున్నరకి నాకు మెలకువ వస్తోంది.