ఇరవై మూడు మేకులు

మొదట తాతయ్యను దించాం.
లూషస్ తాతయ్య, ఫౌండ్రీ టోపీతో,
పొగలోంచి అప్పుడే బయటికొచ్చి
ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టుండే ఫోటో.
"మెల్లగా. ఆయనకు నడుము నొప్పి" అంది అమ్మమ్మ.
మేం నవ్వాం. ఆమె నవ్వలేదు.

వెల కట్టే మనిషి శుక్రవారం పదింటికి వస్తాడు.

పోయిన నెల ఇంకొకతను వచ్చాడు.
నా నర్సింగ్ చదువుకి ఇంటి మీద అప్పు కావాలి,
ఇల్లు చూడమంటే మా మొహాలు చూశాడు.
కొత్తగా వేయించిన కప్పు, ఓక్ చెక్క నేల,
ముప్పై ఒక్క ఏళ్ళు మిల్వాకీ మంచులో బస్సు తోలి
అమ్మమ్మ కట్టిన ఆఖరి వాయిదా రసీదు దాకా
అన్నీ చూపించాం.
తల ఊపాడు. ఒక అంకె పంపాడు.
వీధికి అవతల, అదే మేస్త్రీ, అదే ఏడు, అదే నమూనా,
బెర్నిస్ వాళ్ళింటికి పడిన అంకె వేరు.

అందుకే ఈసారి ఇంట్లో మేం ఉండం.

స్నానాల గదిలోంచి షియా వెన్న డబ్బా,
వెడల్పు పళ్ళ దువ్వెనలు,
రాత్రుళ్ళు జుట్టుకు కట్టుకునే పట్టు టోపీ.
ఫ్రిజ్ మీదనుంచి పట్టా పుచ్చుకుంటున్న డెవెరో.
చర్చి విసనకర్ర.
రెండు రోజులుగా పొయ్యి మీద
పొగబెట్టిన మాంసమేసి ఆకుకూర ఉడకలేదు.
వాసనకీ రంగుంటుందని
మాకెవరూ చెప్పనక్కర్లేదు.
నేను పుస్తకాల వీపులు గోడకు తిప్పుతుంటే
"వద్దు, మరీ అనుమానం వస్తుంది" అంది థెల్మా పిన్ని
గొంతు తగ్గించి,
మా ఇంట్లో మేమే దొంగతనానికి వచ్చినట్టు.

ఫోటోలు తీసిన చోటల్లా గోడ తెల్లగా ఉంది.
ఎండ తగలని పలకలు, పెద్దవీ చిన్నవీ.
ఇన్నేళ్ళూ మా నల్లటి మొహాలు
వీపు వెనక ఆ తెలుపును కాపాడుతూ వచ్చాయన్నమాట.

బెర్నిస్ అట్టపెట్టెతో వచ్చింది.
సరస్సు ఒడ్డున తన కొడుకులు, చేతిలో చేప.
మంచులో కుక్క.
మా మేకులకే తగిలించింది.
"ఈ మేకు వంకరగా ఉంది."
"అది లూషస్ కొట్టింది. అలాగే ఉంటుంది."
పెట్టె ఖాళీ అయ్యాక మా కళ్ళలోకి చూడకుండా అడిగింది:
"ఒడెస్సా, నేనేం మాట్లాడాలి?"
"ఏమొద్దు. నిలబడు, చాలు."
ఒకే డిపోలో, ఒకే చలిలో
ముప్పై ఏళ్ళు పక్కపక్కన నిలబడ్డ వాళ్ళే ఇద్దరూ.

మేం వీధి మలుపులో కారులో కూర్చున్నాం.
టేపు పట్టుకున్న మనిషి మా మెట్లెక్కాడు.
ఇరవై నిమిషాలు. నలభై.
ఒక పోలీసు కారు మమ్మల్ని దాటి, నెమ్మదించి,
చుట్టు తిరిగొచ్చి మళ్ళీ దాటింది.
మా వీధే ఇది.
అమ్మమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి
ఆపిన కారును
ఎంతో జాగ్రత్తగా నడుపుతూ కూర్చుంది.

అంకె మంగళవారం వచ్చింది.
తొంభై రెండు వేలు ఎక్కువ.

పిన్ని కేక వేసింది. నేనూ వేశాననుకుంటా.
అమ్మమ్మ కరెంటు బిల్లు కవరు తిరగేసి
పెన్సిలుతో లెక్క కట్టింది.
తొంభై రెండు వేలు. ఇరవై మూడు ఫోటోలు.
తలా నాలుగు వేలు.
లూషస్, నాలుగు వేలు నష్టం.
పెళ్ళిబట్టల్లో మా అమ్మ, నాలుగు వేలు.
మూడు రోజులే బతికిన మేనమామ,
ఆసుపత్రి దుప్పట్లో, కళ్ళైనా తెరవనివాడు,
వాడూ నాలుగు వేలే.
"పసివాళ్ళకి అర టికెట్టు కూడా లేదన్నమాట"
అంది, బస్సు నడిపిన మనిషి.

ఆ రాత్రి అందరినీ మళ్ళీ గోడెక్కించాం.
తాతయ్య కాస్త పక్కకు పడ్డాడు.
ఫ్రేము అంచున వేలెడు తెలుపు బయటే ఉండిపోయింది.
సర్దబోతే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ.
పొయ్యి మీద ఆకుకూర చూడు ముందు,
అడుగంటుతోంది."