అంతస్తు లేని తలుపు

ఆరో సంచిక ఆదివారం నాడు
ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది,
తడిసి ఆరిన గైడ్ల కింద, పాత ఎంసెట్ పేపర్ల పక్కన.
నలభై అన్నాడు. బేరమాడలేదు.
మూడేళ్లు వెతికిన దాన్ని బేరమాడితే
చేతిలోంచి జారిపోతుందని భయం.

కథ మీకు తెలియదు, చెప్తాను.
రెండు వేల మూడు వందల పదకొండులో
గోల్కొండ వెనక గుట్ట మీంచి ఆకాశానికో లిఫ్టు.
నడిపేది కనకవ్వ. అరవై ఒక్కేళ్లు, ఎడమ చెవి వినపడదు.
రెండో సంచికలో ఎవరో ఆమె చేతిలో
మూత బిగుసుకున్న స్టీలు డబ్బా పెట్టి
పైకి చేరేదాకా తెరవొద్దన్నారు.
మూడో దాంట్లో, నాలుగు వందల పన్నెండో అంతస్తు దగ్గర,
బయట్నించి ఎవరో తలుపు కొట్టారు.
బయట గాలి కూడా లేదు.
నాలుగులో తాడు పోగులు ఒక్కొక్కటే తెగాయి.
ఐదో సంచిక ఆఖరి బొమ్మలో
ఏడు పోగులు మిగిలాయి. లెక్కపెట్టాను,
భూతద్దం పెట్టి మరీ.
వృత్తిదోషం. లిఫ్టు మెకానిక్కుని.

గీసినవాడెవడో గాని
బ్రేకు డ్రమ్ము మీద తుప్పు ఎటు కారుతుందో
తెలుసు వాడికి.
అందుకే నమ్మాను.
దేవుణ్ణి నమ్మినట్టు కాదు,
తనిఖీ చేసి సంతకం పెట్టినవాణ్ణి నమ్మినట్టు.

బస్సు వచ్చేదాకా ఆగలేక
మూసేసిన చెప్పుల షాపు మెట్ల మీద కూర్చున్నాను.
పద్నాలుగో పేజీ దాకా బాగానే ఉంది.
ఆరు పోగులు. నాలుగు. ఒకటి.
కనకవ్వ డబ్బాని ఒళ్లో పెట్టుకుని
వినపడని చెవినే తలుపుకి ఆనించింది.
ఆ ఒక్క బొమ్మకే నలభై ఇవ్వొచ్చు.
పేజీ తిప్పాను.
తలుపు తెరుచుకుంది.
తెల్లటి పేజీ.
కింద మూల, చీమల్లాంటి అక్షరాల్లో:
ఇదంతా ఒక పరీక్ష. కనకవ్వ అనే మనిషి ఎప్పుడూ లేదు.
వెనక అట్ట మీద సబ్బు ప్రకటన.

లేదా?
లేని మనిషికి చెవుడెందుకయ్యా?
డబ్బాలో ఏముంది?
తలుపు కొట్టినవాళ్లు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారా?

మా పనిలో ఒక నియమం ఉంది.
పెట్టె అంతస్తుకి సమంగా వచ్చి ఆగేదాకా
తలుపు తెరుచుకోకూడదు.
అంతస్తు లేని చోట తెరుచుకుంటే
దాన్ని ముగింపు అనరు.
పోలీసులొస్తారు.

వాజిద్‌కి చూపించాను. నా హెల్పరు, కథలు చదవడు.
తెల్ల పేజీని ట్యూబులైటుకి పట్టి చూసి
"ఇంకు అయిపోయినట్టుంది అన్నా, పైసలు గూడ" అన్నాడు.
అంతేనేమో.
ఎనిమిది సంచికలనుకున్నది ఆరుకే ఆపమన్నారేమో.
గీసేవాడి ఇంట్లో ఎవరికో బాగోలేదేమో,
ఒక్క రాత్రిలో తెమిల్చేశాడేమో.
అర్థమైంది. కోపం మాత్రం అలాగే ఉంది.

మంగళవారం మియాపూర్‌లో
మూడుకీ నాలుగుకీ మధ్య ఒక లిఫ్టు ఇరుక్కుంది.
లోపల ట్యూషన్ టీచరు, సుభాషిణి గారట,
దిద్దాల్సిన పేపర్లు, అరకిలో దొండకాయలు,
వణుకుతున్న గొంతు.
పైన వాజిద్ బ్రేకు వదులు చేసి చేత్తో చక్రం తిప్పుతున్నాడు.
కింద నేను తలుపు సందులోంచి మాట్లాడుతూ ఉండాలి.
అదీ నియమమే.
ఎండల గురించి అయిపోయింది, కరెంటు గురించి అయిపోయింది.
ఇరుక్కున్న మనిషికి చెప్పాల్సిన కథ కాదు, తెలుసు.
నోటికి అదే వచ్చింది.

డబ్బా దగ్గర ఆవిడ ఏడుపు ఆపింది.
తలుపు చప్పుడుకి "అమ్మో, ఎవరు?" అంది.
ఏడు పోగుల దగ్గరికి వచ్చేసరికి
లిఫ్టు జానెడేసి జానెడేసి దిగి
మూడో అంతస్తుకి సమంగా ఆగింది.
తలుపు తీశాను.
ఒలికిన దొండకాయల్ని అలాగే వదిలేసి
బయటికొచ్చి గోడ పట్టుకుని అడిగింది:
"తర్వాత?"

ఆరో సంచిక నా సంచిలోనే ఉంది,
స్పానర్ల కింద.
"ఇంకా రాలేదండీ" అన్నాను.