ఐదో నీరు

మా కోనసీమలో రాయి దొరకదు.
బావి తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసక.
పచ్చి చింతకాయ నలగ్గొట్టాలన్నా
ఇటికముక్క వెతుక్కోవాలి.
రాజోలు సెంటర్లో ఎరువుల కొట్టువాడు
పాత పేపర్లో పొట్లం కట్టి ఇచ్చేదే
మాకు తెలిసిన రాయి.
మైలుతుత్తం.
పేరులోనే నెమలి ఉంది.
నాలిక మీద పెడితే మాత్రం, చిన్నప్పుడు ఒకసారి పెట్టాను,
నెమలి కాదు, తుప్పుపట్టిన తలుపు గొళ్ళెం.

కాలేజీ లేబులో అటెండర్ని నేను.
ఇరవయ్యారేళ్ళుగా ఏటా ఆగస్టులో
ఆ సీసా మూత నేనే తీస్తాను.
పిల్లలు చిటికెడు పలుకులు గాజు గొట్టంలో వేసి
మంట మీద పెడతారు.
నీలం వెలిసిపోతుంది.
గొట్టం మెడ దగ్గర చెమట పడుతుంది.
రాయిలో నీళ్ళెక్కడివని ఎవరో ఒకరు అడుగుతారు.
ఒక్కో పలుకులో ఒక్కో రాగికి
ఐదేసి నీళ్ళు, లెక్క తప్పదు, అంటారు మేడంగారు.
నాలుగు తొందరగానే పోతాయి.
ఐదోది మొండిది,
మంట బాగా పెంచితే గానీ వదలదు.
అదీ పోయాక మిగిలేది
బూడిదలాంటి తెలుపు.

గుబ్బల తాతబ్బాయికి ఈ లెక్కలు తెలీవు.
కొబ్బరి దింపు ఆయన పని.
వరద నీరు తోటల్లో నెలరోజులు నిలిచిన ఏడు
మొవ్వుకుళ్ళు పట్టుకుంది.
నడిమి ఆకు పట్టి లాగితే
ఊడి చేతికొచ్చేది, కుళ్ళిన కంపుతో.
మా పెరట్లో మూడు చెట్లు.

ఒక ప్లాస్టిక్ బకెట్లో తుత్తం కరగేసి,
మట్టికుండలో గుల్లసున్నం కలిపి,
రెండూ మూడో బకెట్లోకి ఒకేసారి పోయించాడు నాతో.
"ఇనప బకెట్టు తేకండమ్మా, అది ఊరుకోదు."
తర్వాత మొలలో కత్తి తీసి
ఆ నీలంలో ముంచి, వంద అంకెలు లెక్కపెట్టి, తీశాడు.
అంచు ఎర్రగా ఉంది.
"చూశారా, రాగి ఎక్కేసింది.
పంటు మీద లాగేనండి,
ఇనుము దిగితే రాగి ఎక్కుద్ది.
ఇది ఇలాగే పూస్తే మొవ్వు మాడిపోద్ది. ఇంకాస్త సున్నం, ఆయ్."
మళ్ళీ ముంచాడు. మళ్ళీ ఎరుపే.
నేను విసుక్కున్నాను, మబ్బు పడుతోందని.
మూడోసారి కత్తి కత్తిలాగే వచ్చింది.
అప్పుడు గానీ చెట్టెక్కలేదు.

కుళ్ళు చెక్కేసి, ముద్ద పట్టించి,
వాన పడకుండా పైన కుండ బోర్లించాడు.
మూడు చెట్లూ టోపీలు పెట్టుకుని నిలబడ్డాయి.
బకెట్ కడిగిన నీళ్ళు కాలవలో పారబొయ్యబోతే
అరిచినంత పని చేశాడు:
"మట్టగిడసలు తేలిపోతాయమ్మా!
రొయ్యల చెరువులోళ్ళు నాచు చావాలని
చారెడు వేసే చోట దోసెడు వేసి
ఏం పోగొట్టుకున్నారో వాళ్ళనడగండి."
గట్టు అవతల, ఏమీ మొలవని చోట గొయ్యి తీసి పోశాం.

రెండు చెట్లు బతికాయి.
ఒకదాని కొత్తాకు వంకరగా వచ్చింది, ఇప్పటికీ వంకరే.
మూడోది కుండతో సహా కూలింది.

మోకాళ్ళు పోయాక తాతబ్బాయి ఎక్కడం మానేశాడు.
మనవరాలి టీసీ కోసం కాలేజీకొచ్చి
ఆఫీసులో పని కాక లేబు గుమ్మంలో కూర్చున్నాడు.
కాల్చిన తుత్తం గొట్టాల్లో తెల్లగా పడుంది.
"సున్నమాండీ?"
"కాదు, నీ తుత్తమే."
నమ్మలేదు.
గొట్టం చేతికిచ్చి, ఒక్క చుక్క నీళ్ళు వేశాను.
అడుగు నుంచి నీలం లేచింది.
నేను ఆయన మొహం చూస్తున్నాను, ఆశ్చర్యపోతాడని.
ఆయన రంగు చూడటం లేదు,
గొట్టాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.
"నీళ్ళు పోస్తే చల్లారాలి గదండీ,
ఇదేంటి, వేడెక్కింది?"

ఇరవయ్యారేళ్ళుగా కడిగిన గొట్టాలు.
వేడి ఎప్పుడూ పట్టి చూడలేదు నేను.
మేడంగారిని అడిగి చెప్తానన్నాను.