ఓడ రాని రోజు

"ఈ పూట ఓడ రాదు" అని మైకులో చెప్పేవాడు మినెగిషి.
పడమటి గాలి లేచిందంటే
రేవు గోడ మీద కెరటం విరిగి
నా క్షవరశాల అద్దం మీద ఉప్పు చల్లుతుంది.
ఓషిమా దీవి అంతటికీ ఆ గొంతు తెలుసు.
గొంతు పైన ఉన్న తల మాత్రం
నా ఒక్కదానికే తెలుసు.

మొదటిసారి వచ్చి టోపీ తియ్యకుండా కూర్చున్నాడు.
టోపీకి క్షవరం చెయ్యనా నాయనా, అన్నాను.
తీశాడు.
మాడుకు రెండు వేళ్ళ ఇవతల
గుండ్రంగా, నున్నగా, దీపం కింద మెరుస్తూ...
గల్లాపెట్టెలోంచి పది యెన్ల రాగి నాణెం తీసి ఆనించాను.
కొలిచి పోతపోసినట్టు సరిపోయింది.
"పేనుకొరుకుడు" అన్నాను.
"నాకు పేలు లేవండీ" అన్నాడు, కంగారుగా.
నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

ఎందుకు ఊడిందో అడగలేదు.
నలభై ఏళ్ళు ఈ కుర్చీ వెనక నిలబడి
నేర్చుకున్నది ఇంతే:
తల చేతిలో ఉన్నప్పుడు
తలలో ఏముందో అడక్కూడదు.

కమేలియా గింజల నూనె, నాలుగు చుక్కలు.
మా అత్త ఇసో ఈ నూనెతోనే బతికింది.
మడమలు తాకే జుట్టును చుట్టచుట్టి
దాని మీదే నీళ్ళ బిందె మోసేది.
వేరే చుట్టకుదురు ఎరగదు,
కుదుళ్ళే కుదురు.
తలంటడం ఆవిడ దగ్గరే నేర్చాను.
గోరు తగలకూడదు. వేళ్ళు జారకూడదు.
ఎముక మీద చర్మం కదలాలి,
నిద్రపోతున్న పిల్లాడి కింద దుప్పటి సర్దినట్టు.

మినెగిషి నెత్తి డప్పుతోలులా బిగిసి ఉంది.
చెవుల దగ్గర మొదలుపెట్టి, వెనక్కి, పైకి.
కాసేపటికి వేళ్ళ కింద వెచ్చదనం.
"మొలుస్తుందా?"
"రక్తాన్ని పిలవడం వరకే నా పని.
వెంట్రుక రావడం వెంట్రుక ఇష్టం."

రోజూ చేసుకోవాలి, నాలుగు నిమిషాలు.
ఇతనేమో ఓడ రాని రోజునే వస్తాడు.
తక్కిన రోజులు నువ్వే చేసుకో, అని
వేళ్ళు పట్టుకుని నేర్పి పంపాను.
వారం తిరక్కుండా
మైకు కట్టెయ్యడం మరిచి టికెట్ల గదిలో రుద్దుకున్నాడు.
గరగర, గరగర.
చేపల బజారు, బడి, పోస్టాఫీసు,
అందరూ తలెత్తి ఆకాశంలోకి చూశారు.
నేను ఫోన్ చేశాను:
"చప్పుడొస్తోందంటే వేళ్ళు జారుతున్నాయన్నమాట."

అతనికి చెప్పని సంగతి ఒకటుంది.
కొండ చీలి నిప్పు కక్కిన ఏడు
దీవి మొత్తం రాత్రికి రాత్రి పడవలెక్కాం.
నెల దాటాక తిరిగొస్తే
వాలు మీద పచ్చన అనేది లేదు, నల్లరాయి తప్ప.
ఆ రాతిలో ఒక పగులు చూసుకుని
రోజూ ఒక సీసా నీళ్ళు పోశాను, వెర్రిదానిలా.
రెండో వసంతంలో మొలక లేచింది,
నేను పోసిన చోట కాదు,
రెండు బారల అవతల.
నా నీళ్ళేనా? ఏమో.
అయినా పోస్తూనే ఉన్నాను.

చలికాలం చివర మళ్ళీ గాలి.
రాగి నాణెం కోసం వెతికితే లేదు,
ఎవరికో చిల్లరగా పోయినట్టుంది.
అయిదు యెన్లది దొరికింది, నడుమ చిల్లున్నది.
ఆనించాను.
చిల్లులోంచి ఒక్కటి,
పాలపంటి కన్నా సన్నంగా, తెల్లగా.
అద్దంలో పట్టి చూపించాను.
"తెల్లదా!"
"వచ్చినదాన్ని రంగు అడక్కు. ముందు కూర్చోనీ."
అప్పుడు నవ్వాడు.
నవ్వితే నెత్తి చర్మం దానంతటదే కదిలింది.

చెవి వెనక మరో మచ్చ మొదలైంది, చిన్నది.
చూశాను. అతనూ చూశాడు.
నూనె సీసా మూత తీశాను.

ఇవాళ పొద్దున మైకు పలికింది:
"ఈ పూట ఓడ రాదు."
కట్టెయ్యడం మళ్ళీ మరిచాడు.
కత్తి పక్కన పెట్టి చెవి ఒగ్గాను.
గాలి. కుర్చీ కిర్రుమనడం.
ఇక ఏ చప్పుడూ లేదు.
బాగానే చేసుకుంటున్నాడు.