చేబదులు గంట

నాలుగు రోజులూ మమ్మల్ని గదిలో కూలేసిన వాన
సంచులు సర్దుకునే పూట తెరిపిచ్చింది.
అర్హవి మీద అక్టోబరు ఎండ,
వడ్డన అయిపోయాక వచ్చిన చుట్టంలా, సిగ్గు లేకుండా.
త్సియాలా కిటికీ రెక్క తోసి తిట్టింది, మా మెగ్రెలీలో.
కింద గుమ్మంలో షుక్రియే విని పకపకా నవ్వింది.
ఆవిడది లాజ్ భాష, మాదానికి పెద్దమ్మ కూతురు.
నాలుగు మాటల్లో ఒకటి చెవికి అందుతుంది.
మిగతా మూడూ చేతులతో అందుకోవాలి.

పరదేశం అంటున్నాను గానీ
విమానం ఎక్కలేదు, సముద్రం మారలేదు.
జుగ్దిదీ నుంచి వ్యాన్‌లో సర్పి గేటు దాకా,
గేటు దాటితే ఇంకో వ్యాన్‌లో ముప్పావు గంట.
అరవై రెండేళ్లకి నా పాస్‌పోర్టులో మొదటి ముద్ర.
త్సియాలాకీ అదే మొదటిది. తోడికోడళ్లం.
ముప్పై ఎనిమిదేళ్లు ఒకే కుళాయి కింద గిన్నెలు తోమినవాళ్లం,
ఉప్పెక్కువైందా తక్కువైందా తప్ప
పెద్దగా ఏమీ మాట్లాడుకోనివాళ్లం.

వచ్చేటప్పుడు గేటు అవతల
ఫోన్లో గడియారం ఒక గంట వెనక్కి తగ్గింది.
"చూడు, ఊరికే ఇచ్చారు" అంది త్సియాలా,
తూకంలో మొగ్గు దొరికినట్టు.
ఆ గంటని టీ కొట్టు బల్ల మీద పెట్టుకుని కూచున్నాం.
నడుము సన్నపు గ్లాసుల్లో టీ. అడక్కుండానే రెండోసారి పోశాడు.
అప్పుడు చెప్పింది:
పంతొమ్మిదో ఏట ఓడల్లో రేడియో పనికి ఎంపికైందట.
బతూమీ బడి నుంచి వచ్చిన ఉత్తరాన్ని
తనే పొయ్యిలో పెట్టిందట.
"ఎవరైనా వద్దన్నారా?"
"లేదు. అంటారేమోనని ఎదురుచూశాను. ఎవరూ అనలేదు."
ఆ మాట నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.
చెంచా తీసి గ్లాసు అంచు మీద
ఒక టిక్కు, ఒక గీపు, మళ్లీ టిక్కు, ఇంకా ఏవో.
"ఏమిటది?"
"ఎతెరి. నీ పేరే."

ఇవాళ వ్యాన్‌కి ఇంకా టైముందని ఒడ్డుకి నడిచాం.
ఇసక కాదు, గుండ్రాళ్లు; మడమలు పక్కకి జారుతున్నాయి.
దూరంగా ఓ సరుకు ఓడ,
కదులుతోందో లేదో తెలియనంత నిదానంగా.
చెయ్యడ్డం పెట్టి చాలాసేపు చూసింది త్సియాలా.
"మన వైపే పోతోంది."
మనకంటే ముందు చేరుతుందేమో అన్నాను.
"దానికి గేటుండదుగా" అంది.

మళ్లీ అదే గేటు.
షుక్రియే ఇచ్చిన హేజెల్ గింజల సంచి మోస్తూ
పొడుగాటి నడవలో, చక్రాలపెట్టెల మధ్య మేము.
వద్దంటే వినలేదావిడ. మా పెరటినిండా అవే చెట్లని
ఏ చేతులతో చెప్పాలో తెలియలేదు.
అద్దం వెనక కుర్రాడు పాస్‌పోర్టు చూసి, సంచి చూసి,
"జుగ్దిదీకి హేజెల్ గింజలా?
ఏటికి నీళ్లు మోస్తున్నారా అత్తా?" అని
టక్కున ముద్ర కొట్టాడు.
బయటికొచ్చి ఫోను చూస్తే
అయిదుంపావు కాస్తా ఆరుంపావు.
ఇచ్చిన చేబదులు రాబట్టుకున్నారు.
వడ్డీ అడగలేదు, అదే పదివేలు.

వ్యాన్‌లో చీకటి.
డ్రైవరు ఎవరితోనో ఫోన్లో, టమాటా ధర మీద దెబ్బలాట.
ఎడమపక్క సముద్రం కాసేపు వెంటవచ్చి
ఎక్కడో ఆగిపోయింది.
ముందు సీటు ఇనపకడ్డీ మీద త్సియాలా గోటితో కొడుతోంది.
నా పేరు కాదు. చాలా పొడుగ్గా ఉంది.
ఎవరికి పంపుతున్నావని అడగబోయి
గింజ ఒకటి పగలగొట్టి ఆమె చేతిలో పెట్టాను.
నముల్తూనే కొట్టింది.

జుంబర్ వీధి దీపం కింద నిలబడున్నాడు.
"ఇంత ఆలస్యమా" అన్నాడు.
సంచి మూతి విప్పి, లోపలికి చూసి,
మా ఇద్దరి మొహాలూ చూసి, ఇంకేం అనలేదు.

పొద్దున్నే కుళాయి.
ఆమె తోముతోంది. నేను పొయ్యి దగ్గర.
పళ్లెం వీపు మీద చెంచా:
టిక్కు, గీపు, టిక్కు.
వెనక్కి తిరక్కుండానే
"ఊఁ" అన్నాను.