సున్నా కింద

లాకుల దగ్గర నా ఉద్యోగం
పొద్దున్న ఆరింటికి నీళ్ళు ఎంతున్నాయో చూసి రాయడం.
ఇరవై రెండేళ్ళు.
అందుకే ఏస్తేరమ్మ అట్టకి కాగితం బిగించుకొచ్చి
"రాత్రి తాగింది పొద్దున్న ఎంత బాధ పెడుతుందండీ,
సున్నా నుంచి ఏడు దాకా ఒక అంకె చెప్పండి" అంటే
నవ్వొచ్చింది. నవ్వితే కణతల్లో పోటు.
ఆయ్, అడగండి. కొలతలు నాకు కొత్త కాదు.

దాహం?
వేసవిలో కాలువ కట్టేసిన మూడోవారం చూశారా,
అడుగున బురద పెంకులు పెంకులుగా లేచి
నత్తగుల్లలో కూడా తడి ఉండదు.
అదీ నా నాలిక. ఆరు రాసుకోండి.

తలనొప్పి?
అవతలి గట్టున రైసుమిల్లు
మూతపడి నాలుగేళ్ళయింది.
ఆదివారం రాత్రి నేను వేసుకుంటే
సోమవారం పొద్దున్నే ఆడుతుంది.
ఐదు. కాదు, ఐదున్నర.
అర లేదా మీ కాగితంలో?
మా గేజీకి అంగుళాలు కూడా ఉంటాయి మరి.

వికారం?
నూకరత్నం పోపు వేస్తే ఏడు,
వెయ్యకపోతే మూడు.
ఈమధ్య సోమవారాలు వెయ్యడం లేదు.

చేతులు వణుకుతాయా?
అది నేను చెప్పక్కర్లేదు.
రిజిస్టరు తీసి ఆవిడ ముందు పెట్టాను.
బుధవారం నాలుగు నాలుగులా నిలబడుతుంది,
సోమవారం నాలుగుకి కాలు వంకర.
పుటలు తిప్పుతూ ఒకచోట ఆగింది ఏస్తేరమ్మ.
ఐదు కొట్టేసి, పైన ఎర్రసిరాతో ఆరు,
పక్కన ఇంజనీరుగారి సంతకం.

మూడేళ్ళ కిందటి ఆగస్టు.
గీతలు రెండేసి కనబడ్డాయి,
కింది దాన్ని నమ్మాను.
షట్టరు ఎత్తలేదు.
గట్టు తెగి ఎనిమిదెకరాల ఊడ్పులు పోయాయి,
అందులో రెండెకరాలు మరిడమ్మది, కౌలుకి చేసేది.
ఇప్పటికీ ఈ గట్టు మీదే పాలు పట్టుకెళ్తూ
"బాగున్నావా బాబూ" అంటుంది.
దానికి మీ దగ్గర గడి లేదు.

ఏస్తేరమ్మ కలం మూసింది, తెరిచింది.
"మొత్తం మీద ఎంత వెయ్యమంటారు?"

గేజీ వేపు చూపించాను.
సున్నా గీత అక్కడుందండి, రాతి మీద.
కాలువ అడుగు అది కాదు.
దాని కింద కూడా మూడడుగుల నీళ్ళుంటాయి,
వాటిని ఎవరూ రాయరు.

ఆవిడ ఏం వేసుకుందో నేను చూడలేదు.
గుర్రపుడెక్క వచ్చి అంకెల మీద ఆనుకుంది,
గెడకర్రతో తోశాను.
చెయ్యి వణికి నీళ్ళు కదిలాయి.
అవి ఆగేదాకా ఆగి
మళ్ళీ చూశాను.